ఎస్టీపీ నీళ్ళు పొలానికి పెడదామనుకుంటున్నారా, ముందు ఉప్పు లెక్క చూడండి

మెట్ట ప్రాంతాల్లో ఇప్పుడు ఏ ఊళ్ళో నలుగురు రైతులు కూర్చున్నా బోర్లు ఎండిపోయిన ముచ్చట అయ్యాక వచ్చే మాట ఒకటే, టౌన్ నుంచి వచ్చే ఆ ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నీళ్ళు మనకు వదిలితే బాగుండు కదా అని. తప్పేం లేదు. వానలు పడినా పడకపోయినా టౌన్‌లో జనం స్నానాలు ఆపరు, బట్టలు ఉతకడం ఆపరు, కాబట్టి ఏప్రిల్ నెలలో కూడా తగ్గకుండా వచ్చే నీళ్ళు ఏమైనా ఉన్నాయంటే అవే. కానీ వచ్చాయి కదా అని కాలవకు గండి కొట్టి పొలంలోకి మళ్ళించేస్తే మొదటి రెండేళ్ళు పంట నల్లగా ఏపుగా వస్తుంది, మూడో ఏడో నాలుగో ఏడో నేల మీద తెల్లగా పొర తేలుతుంది, అప్పుడు మొదలవుతుంది అసలు ఏడుపు.

అందరూ అడిగేది వాసన గురించి, క్రిముల గురించి. అవి ముఖ్యమే, కానీ వాటికి దారులున్నాయి, ఎండ చంపుతుంది, వంట చంపుతుంది, డ్రిప్ పెడితే కాయకు అంటవు. ఉప్పు అలా కాదు. ఎస్టీపీలో జరిగేది ఏంటంటే బ్యాక్టీరియా మురికిని తినేస్తుంది, మడ్డి అడుక్కి దిగుతుంది, చివర్లో కాస్త క్లోరిన్ వేస్తారు, అంతే. నీళ్ళలో కరిగిన ఉప్పు ఒక్క గ్రాము కూడా అందులో తగ్గదు. ఇంకో సంగతి, 2017లో కేంద్ర పర్యావరణ శాఖ ఎస్టీపీలకు పెట్టిన రూల్స్‌లో పీహెచ్, బీఓడీ (కుళ్ళే మురికి ఎంతుందో చెప్పే లెక్క), తేలే మడ్డి, ఫీకల్ కోలిఫాం (మలంలోంచి వచ్చే క్రిములు), ఈ నాలుగే ఉన్నాయి, ఉప్పు ఊసే లేదు. అంటే ప్లాంట్ వాళ్ళు చూపించే రిపోర్టులో అన్నీ పాస్ అయి ఉన్నా మీ పొలానికి ఆ నీళ్ళు పనికిరాకపోవచ్చు. వాళ్ళు అబద్ధం చెప్పినట్టు కాదు, వాళ్ళ పరీక్ష వేరు, మన పరీక్ష వేరు.

సరే, మొదట చూసుకోవాల్సింది మీకు వచ్చేవి నిజంగా శుద్ధి అయిన నీళ్ళేనా అని. దేశంలో పట్టణాల నుంచి రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు వస్తోందని, దాన్ని శుద్ధి చేసే ప్లాంట్ల కెపాసిటీ 31,841 మిలియన్ లీటర్లేనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 రిపోర్టులో ఉంది, మరి మిగతాదంతా ఎటు పోతున్నట్టు, వాగుల్లోకీ చెరువుల్లోకీనే కదా. హైదరాబాద్‌నే చూడండి, అంబర్‌పేటలో 339 మిలియన్ లీటర్ల ప్లాంటు ఉంది, నాగోల్‌లో 172 ఉంది, అవి శుద్ధి చేసి వదిలేది మూసీలోకే, శుద్ధి కాని నాలాలు కలిసేది కూడా అదే మూసీలో. దిగువన పీర్జాదిగూడ, ప్రతాప్‌సింగారం, ఎదులాబాద్ వైపు కత్వల (వాగుకు అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) కింద దశాబ్దాలుగా ఆ నీళ్ళతోనే వరి, ఆకుకూరలు, సిటీ డెయిరీలకు పోయే పారా గడ్డి పండిస్తున్నారు. అక్కడ రైతు వాడేది శుద్ధి చేసిన నీళ్ళు అనలేం, కలగాపులగం అనాలి. మీ ఊరి దగ్గర కూడా ప్లాంట్ ఔట్‌లెట్ పైపు దగ్గర తీసుకునే నీళ్ళు వేరు, అర కిలోమీటరు కింద నాలా కలిశాక తీసుకునే నీళ్ళు వేరు. వీలైతే ఔట్‌లెట్ నుంచే మున్సిపాలిటీతో రాతపూర్వకంగా మాట్లాడుకుని పైపు వేసుకోండి, నోటిమాట మీద పైపులకు డబ్బులు పెట్టొద్దు, రేపు ఏదో ఫ్యాక్టరీ వాళ్ళు కొనుక్కుంటామంటే మీ పైపు ఎండిపోతుంది.

టౌన్‌లో ఏం ఫ్యాక్టరీలు ఉన్నాయో కూడా ఆరా తీయండి. ఇళ్ళ మురుగు మాత్రమే వచ్చే చిన్న టౌన్ ప్లాంటు అయితే చాలావరకు నయం. డైయింగ్ యూనిట్లు, తోళ్ళ శుద్ధి, ఎలక్ట్రోప్లేటింగ్, మందుల కంపెనీలు ఆ డ్రైనేజీలోకే వదులుతున్నాయంటే నా సలహా ఒకటే, తిండి పంటలకు ఆ నీళ్ళ జోలికి పోవద్దు. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో వచ్చిన పరిశోధన ప్రపంచమంతా చెప్పుకున్నారు, అది శుద్ధి చేశాక వచ్చిన నీళ్ళు మరి.

కోలార్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న మెట్ట జిల్లా అది, ఏడాది పొడవునా పారే నది లేదు, కాలువ లేదు. బెంగళూరు కోరమంగళ, చల్లఘట్ట లోయ ప్లాంట్ల నుంచి శుద్ధి చేసిన నీళ్ళు రోజుకు 440 మిలియన్ లీటర్లు పైపుల్లో తోడి చెరువులు నింపే కేసీ వ్యాలీ ప్రాజెక్టు 2018 జూన్‌లో మొదలైంది, నీళ్ళు ముందు లక్ష్మీసాగర చెరువుకు చేరాయి, కొద్ది వారాలకే నురగ తేలిందని గొడవయింది, కోర్టుల దాకా వెళ్ళి ఆగి మళ్ళీ నడిచింది. రెండో దశ శుద్ధితోనే, అంటే బ్యాక్టీరియాతో మురికి తినిపించడంతోనే వదులుతున్నారు, ఇంకా శుభ్రం చేసే మూడో దశ కూడా చెయ్యండి అని అక్కడి రైతు సంఘాలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాయి. కానీ అక్కడ పద్ధతి ఒకటి గమనించండి, ఆ నీళ్ళను నేరుగా పొలానికి పెట్టుకోమని కాదు ఇచ్చింది, చెరువులో నిలబెట్టి భూమిలోకి ఇంకనిచ్చి బోర్ల ద్వారా తోడుకోమని. మట్టి వడకడుతుంది కాబట్టి క్రిముల విషయంలో అది మంచి పద్ధతే. ఉప్పు, నైట్రేటు మాత్రం మట్టిలో ఆగవు, నీళ్ళతో పాటే కిందికి పోతాయి, కాబట్టి అలాంటి చెరువు కింద బోరు ఉన్నవాళ్ళు తాగడానికి అదే బోరు వాడుతుంటే నైట్రేట్ పరీక్ష చేయించుకోవాల్సిందే.

ఇక పరీక్షల దగ్గరికొద్దాం. భూసార పరీక్షా కేంద్రంలో గానీ కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం)లో గానీ సాగునీటి పరీక్ష అని అడిగితే చేస్తారు. ఉప్పు లెక్కకి లీటరు ప్లాస్టిక్ బాటిల్ చాలు, ఆ నీళ్ళతోనే రెండు మూడు సార్లు కడిగి నింపండి. క్రిముల పరీక్షకి మాత్రం ల్యాబ్ వాళ్ళిచ్చే స్టెరిలైజ్ చేసిన సీసాలోనే పట్టి ఐస్ పెట్టి అదే రోజు అందజెయ్యాలి, రెండు రోజులు స్కూటర్ డిక్కీలో తిప్పి ఇస్తే ఆ రిపోర్టుకు విలువ లేదు. ఒక్క శాంపిల్‌తో సరిపెట్టుకోవద్దు, ఎండాకాలంలో ఒకటి, వానాకాలంలో ఒకటి, ఎందుకంటే ఎండాకాలం నీళ్ళు చిక్కగా ఉంటాయి, వానాకాలం డ్రైనేజీలోకి వాననీరు దూరి పలుచబడతాయి, ప్లాంటు కెపాసిటీ దాటి వస్తే శుద్ధి చెయ్యకుండానే బైపాస్ చేసేస్తుంటారు కూడా.

రిపోర్టు వచ్చాక మొదట చూడాల్సింది ఈసీ, అంటే నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు ఎంతుందో చెప్పే లెక్క. 0.7 డెసీసైమన్ లోపు ఉంటే ఏ పంటకైనా పెట్టొచ్చు, 0.7 నుంచి 3 మధ్య ఉంటే పంటను బట్టి, నేలను బట్టి జాగ్రత్త పడాలి, 3 దాటితే మామూలు రైతుకు వద్దు. ఇవి ఎఫ్‌ఏఓ వాళ్ళ హద్దులు. ఆన్‌లైన్‌లో దొరికే పెన్ను లాంటి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పుల మొత్తం) మీటర్ ఒకటి కొనుక్కోండి, కాకపోతే ఈసీ చూపించేదే కొనండి, ఎందుకంటే టీడీఎస్ అనే నంబరును ఒక్కో కంపెనీ ఒక్కో గుణకంతో లెక్కేసి చూపిస్తుంది, ఒకే నీళ్ళకు ఒకటి 700 అంటుంది ఇంకోటి 900 అంటుంది. మీటర్‌లో మైక్రోసైమన్స్ 1500 అని వస్తే అది 1.5 డెసీసైమన్ అన్నమాట.

రెండోది సోడియం సంగతి, రిపోర్టులో ఎస్‌ఏఆర్ (కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే సోడియం ఎంత) అని, ఆర్‌ఎస్‌సీ (కాల్షియం, మెగ్నీషియం పోను మిగిలే కార్బొనేట్లు) అని ఉంటుంది. ఆర్‌ఎస్‌సీ 1.25 లోపు మంచిది, 2.5 దాటితే చెడ్డది, మధ్యలో ఉంటే జిప్సం వెయ్యాలి. ఎర్ర నేలకంటే నల్లరేగడికి ఇది చాలా ముఖ్యం, సోడియం ఎక్కువైతే రేగడి మట్టి కణాలు విడిపోయి పైపొర సిమెంటులా బిగుస్తుంది, నీళ్ళు దిగవు, ఎండాక పారతో కొడితే కణకణమంటుంది, అదే కారు చౌడు. తెల్ల చౌడును, అంటే నేల మీద ఉప్పు తెల్లగా తేలేదాన్ని, మంచి నీళ్ళు పారించి కడగొచ్చు, కారు చౌడును ఉట్టి నీళ్ళతో కడిగితే ఇంకా బిగుస్తుంది, జిప్సం పడాల్సిందే. లెక్క ఏంటంటే ఆర్‌ఎస్‌సీ ఒక్క యూనిట్ తగ్గించడానికి ఎకరానికి ఒక అంగుళం నీటికి దాదాపు 9 కిలోల స్వచ్ఛమైన జిప్సం, మనకు దొరికేది 70, 80 శాతం ఉంటుంది కాబట్టి 11 నుంచి 13 కిలోలు అనుకోండి. మూడోది బోరాన్, లీటరుకు 0.7 మిల్లీగ్రాములు దాటితే నిమ్మ, బత్తాయి ఆకుల అంచులు మాడతాయి. ఇది డిటర్జెంట్ల నుంచి కూడా వస్తుంది. తన మురుగునీటిలో 85 శాతం పైగా సేద్యానికే వాడుకునే ఇజ్రాయెల్ ఈ తలనొప్పి ముందే పడింది, చివరికి డిటర్జెంట్లలోనే బోరాన్, సోడియం తగ్గించమని కంపెనీలకు రూల్ పెట్టింది. మన దగ్గర అంతదాకా ఎప్పుడొస్తామో గానీ, అప్పటిదాకా మన జాగ్రత్త మనది.

ఇప్పుడు ఉప్పు ఎంత చేరుతుందో ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి, అప్పుడు గానీ నమ్మకం కుదరదు. ఎకరానికి ఒక అంగుళం నీరు అంటే లక్షా మూడు వేల లీటర్లు. ఒక పంటకు 20 అంగుళాలు పెట్టారనుకోండి, 20 లక్షల లీటర్ల పైమాటే. ఈసీ 1.5 ఉన్న నీళ్ళలో లీటరుకు దాదాపు 960 మిల్లీగ్రాముల ఉప్పులుంటాయి. గుణిస్తే ఎకరానికి ఒక్క సీజన్‌లో రెండు టన్నులు. ట్రాక్టర్ ట్రాలీలో రెండు టన్నుల ఉప్పు తెచ్చి మీ ఎకరంలో చల్లుతానంటే ఒప్పుకుంటారా, ఒప్పుకోరు, కానీ నీళ్ళలో కనిపించకుండా వస్తే మాత్రం సంతోషంగా మోటరు ఆన్ చేస్తాం.

ఆ ఉప్పును వేరు కిందికి తోసేయడానికి పంటకు కావాల్సినదానికన్నా కొంచెం ఎక్కువ నీళ్ళు పెట్టాలి, ఎంత ఎక్కువ అనేది పంటను బట్టి. అదే 1.5 ఈసీ నీళ్ళకు లెక్కేస్తే పత్తికి వంద లీటర్లు కావాల్సిన చోట 104 పెడితే చాలు, టమాటాకు 116 కావాలి, బీన్స్‌కైతే 175. అంటే బీన్స్ ఈ నీళ్ళతో పండించడం దండగ అని అర్థం. ఉప్పును తట్టుకోవడంలో పత్తి, జొన్న ముందుంటాయి, వేరుశనగ, వరి, టమాటా మధ్యలో, మొక్కజొన్న, చెరకు, ఉల్లి, క్యారెట్, బీన్స్ కింద. ఎన్ని నీళ్ళు తోసినా కిందికి పోవడానికి దారి ఉండాలి, నీళ్ళు నిలిచే పల్లపు రేగడిలో ఈ సేద్యం పెట్టుకోవద్దు, ఎర్ర చల్కా నేల, కొంచెం వాలు ఉన్న చోటు మంచిది. బోరులో మంచినీళ్ళు కాసిన్ని ఉంటే వాటిని విత్తనం మొలిచేటప్పుడు, నారు నాటిన మొదటి మూడు వారాలు వాడుకోండి, లేత మొక్కకే ఉప్పు దెబ్బ ఎక్కువ, వేరు దిగాక ఎస్టీపీ నీళ్ళకు మారండి. రెండూ కలిపి పెట్టినా పర్లేదు, 0.6 ఈసీ బోరు నీళ్ళు, 1.8 ఎస్టీపీ నీళ్ళు సగం సగం కలిపితే 1.2 వస్తుంది. జోర్డాన్‌లో అస్ సమ్రా ప్లాంటు నీళ్ళను కింగ్ తలాల్ డ్యాంలో వాననీటితో కలిపి లోయలో పొలాలకు ఇస్తారు, పద్ధతి ఇదే, సైజు పెద్దది.

డ్రిప్ వాడేవాళ్ళకు ఒక సంగతి, ఇది చాలామంది చెప్పరు. డ్రిప్ కింద తడి గుండ్రంగా పాకుతుంది కదా, ఉప్పు ఆ తడి అంచుకు జరిగి అక్కడ పేరుకుంటుంది, వేరు మధ్యలో హాయిగా ఉంటుంది. తొలకరి చినుకు అర అంగుళం పడగానే రైతు సంతోషంగా డ్రిప్ ఆపేస్తాడు, ఆ చినుకు నీళ్ళు అంచున ఉన్న ఉప్పును కరిగించి నేరుగా వేరు మీదికి తోస్తాయి, మర్నాడు మొక్క వాడుతుంది, వాన పడ్డాక వాడిందేంటి అని మందుల షాపుకు పరిగెడతారు. చిన్న వాన పడుతున్నప్పుడు డ్రిప్ ఆపకండి, నడవనివ్వండి, గట్టి వాన పడి నేల బాగా నానాక ఆపండి. గట్టి వాన అసలైన మందు, గట్లు సరిచేసి ఆ వాన పొలంలోనే ఇంకేలా చూసుకుంటే ఏడాది ఉప్పులో చాలా భాగం కిందికి దిగుతుంది. అనంతపురం లాంటి 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో అది సరిపోకపోవచ్చు, అందుకే అక్కడ తక్కువ ఈసీ నీళ్ళకే ఒప్పుకోవాలి.

మంచి వార్త కూడా ఉంది, ఎరువు. రెండో దశ శుద్ధి అయిన నీళ్ళలో నత్రజని ప్లాంటును బట్టి మారుతుంది, మీ రిపోర్టులో మొత్తం నత్రజని లీటరుకు 20 మిల్లీగ్రాములు ఉందనుకోండి, 20 అంగుళాల నీటితో ఎకరానికి 41 కిలోల నత్రజని పడుతుంది, 45 కిలోల యూరియా బస్తాలు రెండన్నమాట. భాస్వరం 5 మిల్లీగ్రాములు ఉంటే దాదాపు ఒక డీఏపీ బస్తాలో ఉండే భాస్వరం. కాబట్టి మామూలుగా వేసే యూరియా మామూలుగా వేస్తే నష్టమే, వరి పడిపోతుంది, దోమ కమ్ముకుంటుంది, పత్తి ఆకు మీదికే పోయి కాయ పట్టదు. ఇంకో చిక్కు ఏంటంటే ఎరువును మనకు కావాల్సినప్పుడు ఆపలేం, కోత దగ్గర పడుతున్నా నీటితో పాటు నత్రజని పోతూనే ఉంటుంది. టమాటా, చెరకు లాంటివాటికి చివర్లో ఇది చెరుపు చేస్తుంది, కాయ పండదు, చెరకులో తీపి తగ్గుతుంది, ఆఖరి తడులు బోరు నీళ్ళతో ఇవ్వగలిగితే మేలు.

ఇప్పుడు క్రిములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో పచ్చిగా తినే పంటలకు పెట్టే నీళ్ళలో వంద మిల్లీలీటర్లకు వెయ్యి కోలిఫాం మించకూడదు, కడుపులో పురుగుల గుడ్లు లీటరుకు ఒకటి మించకూడదు అంది. 2006 నాటికి వాళ్ళే దారి మార్చారు, ప్లాంటులోనే అంతా శుభ్రం కావాలని పట్టుబట్టకుండా పొలం నుంచి కంచం దాకా ఒక్కో మెట్టు దగ్గర కొంత కొంత తగ్గించుకుంటూ రండి అన్నారు. మన లాంటి వాళ్ళకు ఇదే సరైన పద్ధతి. ఎత్తుగా కాసే కాయలకు డ్రిప్ పెడితే పదివేల క్రిముల్లో ఒక్కటే మిగులుతుందని, నేలను ఆనుకుని ఉండే పంటకైతే వందలో ఒకటని వాళ్ళ లెక్క. ఆఖరి తడి తర్వాత ఎండలో ఒక్కో రోజుకు మూడింట రెండొంతుల నుంచి 99 శాతం దాకా చస్తాయి. కడిగితే పదిలో తొమ్మిది పోతాయి, తొక్క తీస్తే వందలో 99, ఉడికిస్తే దాదాపు అన్నీ.

దీన్ని బట్టి పంట ఎంచుకోవడం తేలికే. అన్నిటికన్నా ముందు నోట్లోకి పోనివి, మల్బరీ, పత్తి, ఆముదం, బంతి, చామంతి, టేకు, వెదురు, జామాయిల్. కోలార్ వైపు మల్బరీకి మంచి అలవాటు ఉంది కాబట్టి అక్కడి వాళ్ళకు ఇది కలిసొస్తుంది. పశుగ్రాసం బాగుంటుంది, సూపర్ నేపియర్ ఈ నీళ్ళకు విరగబడి పెరుగుతుంది, కానీ ఆఖరి తడికీ పశువులు మేయడానికీ మధ్య రెండు వారాలు వదలండి, తడి గడ్డి కోసి అప్పుడే వెయ్యొద్దు. తర్వాత వండుకుని తినే గింజలు, వరి, జొన్న, మొక్కజొన్న. పండ్ల చెట్లకు డ్రిప్పుతో పెట్టి కోతకు రెండు వారాల ముందు ఆపెయ్యండి, కింద రాలిన పండు ఏరి అమ్మొద్దు, నిమ్మజాతికి మాత్రం ఉప్పు పడదు. వేరుశనగ ఉప్పును ఓ మాదిరిగా ఓర్చుకున్నా కాయ మట్టిలోనే ఉంటుంది, మన జనం పచ్చికాయలు పొలంలోనే వొలుచుకు తింటారు, నేనైతే వద్దంటాను. పాలకూర, కొత్తిమీర, పుదీన, ముల్లంగి, క్యారెట్ వద్దే వద్దు. టౌన్ దగ్గర ఆకుకూరకే డబ్బు వస్తుందని తెలుసు, మూసీ పక్కన జరిగేది అదే, కానీ కొత్తిమీర కడిగేది ఎంతమంది, ఉడికించేది ఎవరు.

స్ప్రింక్లర్ వాడకండి. తుంపరతో క్రిములు ఆకు మీదా మన ఊపిరిలోకీ పోతాయి, పైగా సోడియం 70 మిల్లీగ్రాములు, క్లోరైడ్ 100 దాటిన నీళ్ళు ఆకు మీద పడి ఆరితే అంచులు మాడిపోతాయి.

పురుగు గుడ్ల సంగతి వేరే చెప్పాలి, ఏలికపాముల గుడ్లు క్లోరిన్‌కు చావవు, ఎండకు త్వరగా చావవు, నెలల తరబడి మట్టిలో ఉంటాయి. వాటికి ఒకటే మందు, నీటిని కదలకుండా నిలబెడితే అడుక్కి దిగుతాయి. 8 నుంచి 10 రోజులు నిలిచేలా కుంట ఉంటే చాలు. ఎకరం డ్రిప్పుకి రోజుకు 20 వేల లీటర్లు అనుకుంటే పది రోజులకు రెండు లక్షల లీటర్లు, పైన 40 అడుగుల చదరం, కింద 26 అడుగుల చదరం, ఆరున్నర అడుగుల లోతు తవ్వితే దాదాపు ఆ లెక్క వస్తుంది. షీట్ వెయ్యండి. నీళ్ళు ఒక మూల నుంచి వచ్చి ఎదురు మూల నుంచి పోవాలి, రెండు పైపులూ పక్కపక్కనే పెడితే పది రోజుల కుంట కాస్తా పది గంటల కుంట అవుతుంది, వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోతాయి. సక్షన్ పైపు ఫుట్‌వాల్వ్ అడుగున పడెయ్యకుండా ఖాళీ క్యానుకు కట్టి పైనుంచి రెండడుగుల లోతులో వేలాడదియ్యండి. దోమలకు గంబూసియా చేపలు వదలండి, చుట్టూ కంచె వెయ్యండి, పిల్లలు ఈత కొట్టే కుంట కాదు ఇది. అడుగు మడ్డి తీసినప్పుడు కూరగాయల మడిలో చల్లకండి, గుడ్లన్నీ అందులోనే ఉంటాయి, చెట్ల మధ్య గొయ్యి తీసి పూడ్చండి.

డ్రిప్ మూసుకుపోవడం గురించి భయపడతారు, నిజమే, మూసుకుపోతుంది. తేలే మడ్డి లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపు ఉంటే పర్లేదు, 100 దాటితే కష్టం, చిన్న టౌన్ ప్లాంట్లకు 2017 రూల్ ప్రకారం 100 దాకా వదలొచ్చు, అందుకే కుంట లేకుండా డ్రిప్ పెట్టొద్దు. ముందు శాండ్ ఫిల్టర్, తర్వాత డిస్క్ ఫిల్టర్, రెండూ కావాలి, బోరుకు వాడే జాలీ ఫిల్టర్ ఒక్కటే సరిపోదు. ఫిల్టర్‌కు ముందు ఒకటి తర్వాత ఒకటి ప్రెషర్ గేజ్ పెట్టించుకోండి, రెండింటి మధ్య తేడా అర కేజీ దాటిందంటే కడగాలి. డిస్క్ ఫిల్టర్ విప్పి చూస్తే రింగుల మధ్య బెండకాయ జిగురులా సాగుతూ ఉంటుంది, అది మట్టి కాదు బ్యాక్టీరియా, ఉట్టి నీళ్ళతో పోదు, బ్రష్ పెట్టి రుద్దాలి. అదే జిగురు లోపల ల్యాటరల్స్ (సాళ్ళలో వేసే సన్న డ్రిప్ పైపులు)లోనూ పడుతుంది, దానికి క్లోరిన్. గంటకు పది వేల లీటర్లు పోసే మోటరైతే ఆఖరి అరగంట పది శాతం సోడియం హైపోక్లోరైట్ అర లీటరు ఫెర్టిగేషన్ ట్యాంకులో పోసి పంపితే 10 పీపీఎం అవుతుంది, వారానికోసారి చేస్తే చాలు, తర్వాత ల్యాటరల్ చివరలు విప్పి నల్లనీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చేదాకా వదలండి. బ్లీచింగ్ పౌడర్ కలపొద్దు, సున్నం దిగి అదే అడ్డం పడుతుంది. యాసిడ్ ట్రీట్‌మెంట్ కూడా చేసేవాళ్ళుంటే ఒక్కటి గుర్తుంచుకోండి, యాసిడ్, క్లోరిన్ ఒకే రోజు ఒకే ట్యాంకులో కలపకండి, వచ్చే గ్యాస్ మనిషిని చంపుతుంది.

పనిచేసే మనుషుల గురించి ఎవరూ రాయరు. కూలీలకు గంబూట్లు, గ్లౌజులు మీరే కొనివ్వండి, కొంకిపురుగు అరికాలి చర్మంలోంచే లోపలికి పోతుంది, వట్టి కాళ్ళతో ఆ మడిలో దిగి కలుపు తీసే ఆడవాళ్ళకే అది ముందు వస్తుంది, కాళ్ళ దురదలు కూడా వాళ్ళకే. గంబూట్లలో ఎండాకాలం చెమట పట్టి వేసుకోరు, అది కూడా నిజం, అందుకే తడి పెట్టిన రోజు మడిలో పని పెట్టకండి, రెండు రోజులు ఆరనిచ్చి పిలవండి. గట్టు మీద చేతులు కడుక్కోవడానికి మంచినీళ్ళ డ్రమ్ము, సబ్బు పెట్టండి, అన్నం తినేది అక్కడే కదా. ఆరు నెలలకోసారి ఇంటిల్లిపాదీ, కూలీలూ నులిపురుగుల మాత్ర గురించి పీహెచ్‌సీలో అడగండి. పొలంలో ఈ నీళ్ళ కుళాయి, పైపు ఊదా రంగు వెయ్యండి, ఇజ్రాయెల్లోనూ అదే రంగు, ఎవరైనా దాహానికి తాగకుండా. ఇంటి నీళ్ళ లైనుకు దీన్ని వాల్వ్ పెట్టి కలపడం లాంటి తెలివితేటలు వద్దు, వాల్వ్ ఏదో ఒక రోజు లీకవుతుంది.

రోజూ మోటరు వేసే ముందు పారదర్శకంగా ఉన్న లీటరు బాటిల్‌లో నీళ్ళు పట్టి ఎండకు ఎత్తి చూడండి, అటువైపు పేపరు అక్షరాలు కనిపిస్తే ఫర్వాలేదు, నల్లగా ఉండి కుళ్ళిన గుడ్డు వాసన వస్తే ఆ రోజు ప్లాంట్ నడవలేదన్నట్టే, కరెంటు పోయో గాలి ఊదే బ్లోయర్ చెడిపోయో ఉంటుంది, కుంటలోకి తీసుకోకండి. నురగ తేలితే సబ్బు ఎక్కువుందని. ఈసీ మీటరు వారానికోసారి ముంచి గోడ మీదో క్యాలెండర్ మీదో రాసుకోండి, మామూలుగా 1.4 ఉండేది ఒక్కసారిగా 2.5 చూపించిందంటే ఎవరో ఫ్యాక్టరీ వాళ్ళు లారీతో డ్రైనేజీలో వదిలారని అనుమానపడాలి.

నేల పరీక్ష ఈ నీళ్ళు మొదలుపెట్టకముందే ఒకసారి చేయించి కాగితం దాచుకోండి, అది లేకపోతే తర్వాత పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. ఆ తర్వాత ఏటా మే నెలలో, వానలకు ముందు, డ్రిప్పర్ పక్కన ఒకటి, రెండు సాళ్ళ మధ్య ఒకటి, అడుగు లోతులో ఒకటి, రెండడుగుల లోతులో ఒకటి మట్టి తీసి ఈసీ, పీహెచ్, సోడియం చూపించండి. పైన తగ్గి కింద పెరుగుతుంటే ఉప్పు కిందికి దిగుతున్నట్టు, పైనా కిందా రెండూ పెరుగుతుంటే ఆ ఏడు నీళ్ళు తగ్గించి జీలుగ వేసి కలియదున్నండి, జీలుగ చౌడును ఓర్చుకుంటుంది, నేల గుల్ల చేస్తుంది. పీహెచ్ 8.5 దాటిందంటే జిప్సం లెక్క ల్యాబ్ వాళ్ళతోనే వేయించుకోండి, షాపులో అడిగితే ఎకరానికి ఇన్ని బస్తాలని నోటికొచ్చింది చెప్తారు. డబ్బులుంటే మూడేళ్ళకోసారి యూనివర్సిటీ ల్యాబ్‌లో కాడ్మియం, సీసం, క్రోమియం కూడా చూపించండి, ముఖ్యంగా పశుగ్రాసం పెట్టేవాళ్ళు, గడ్డిలోకి ఎక్కింది పాల దగ్గర ఆగదు.